మెదడు రక్తనాళాలను తొలిసారి కంటికి చూపిన ఎగాస్ మోనిజ్

జగదల్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): బస్తర్ ప్రాంతంలో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయి, ఒక పక్క చేయి, కాలు పడిపోతే హిందీ మాట్లాడేవారు దాన్ని లక్వా అంటారు. శబరి ఒడ్డునున్న కోంటా దాటి భద్రాచలం వైపు వస్తే అదే పక్షవాతం అవుతుంది. కారణం అడిగితే అక్కడ నస్ మూసుకుపోయిందంటారు, ఇక్కడ నరం చిట్లిందంటారు. నస్, నరం అనే ఈ రెండు మాటలకూ ఒకే చిక్కు ఉంది. స్పర్శను మోసే నాడికీ, నెత్తురు మోసే నాళానికీ జనవ్యవహారంలో రెండు భాషల్లోనూ ఒకే పేరు చెల్లుతోంది. నిజానికి పక్షవాతంలో ముందుగా చెడేది నెత్తురు మోసే నాళమే. అది ఇరుకైనా, పూడిపోయినా, పగిలినా మెదడులోని ఆ భాగం పని ఆపేస్తుంది. ఏ నాళం, ఏ చోట, ఎంత మేర దెబ్బతిన్నదో బతికి ఉన్న మనిషిలో చూడడం ఒక శతాబ్దం కిందటి వరకు ఏ వైద్యుడికీ సాధ్యం కాలేదు. ఆ పనిని సాధించినవాడు పోర్చుగల్‌కు చెందిన నాడీవైద్యుడు ఎగాస్ మోనిజ్. మెదడు నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రఫీకి ఆయనే ఆద్యుడు. ఆయన తీసిన తొలి విజయవంతమైన చిత్రానికి 2027 జూన్ 28తో నూరేళ్లు నిండుతాయి.

మోనిజ్ అసలు పేరు ఆంటోనియో కెటానో డి అబ్రూ ఫ్రెయిరే. 1874 నవంబర్ 29న ఉత్తర పోర్చుగల్‌లోని అవాంకా గ్రామంలో, పాతకాలపు భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. మధ్యయుగాల నాటి పోర్చుగీసు వీరుడు ఎగాస్ మోనిజ్ పేరును ఆయనకు తగిలించినది మతగురువైన పినతండ్రి. ఆ పేరే చివరకు అసలు పేరును కమ్మేసింది. కోయింబ్రా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1899లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత ఫ్రాన్స్‌లోని బోర్డో, పారిస్ నగరాలకు వెళ్లి బబిన్‌స్కీ, పియెర్ మరీ, డెజెరిన్ వంటి ఆనాటి నాడీవైద్య దిగ్గజాల వద్ద పాఠాలు నేర్చారు. 1911లో లిస్బన్ విశ్వవిద్యాలయంలో నాడీవైద్య ఆచార్య పీఠం ఆయనకు దక్కింది.

యౌవనంలోనే గౌట్ వ్యాధి ఆయన కీళ్లను పట్టుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేళ్లు వంకరపోయి, చేతులు సన్నని పనులకు పనికిరాకుండా పోయాయి. ఆయన పేరుతో చరిత్రకెక్కిన శస్త్రచికిత్సలన్నీ ఆ కారణంగానే మరొకరి చేతి మీదుగా జరిగాయి. ఆ చేయి పెద్రో అల్మైదా లిమా అనే యువ వైద్యుడిది. ఆలోచన ఒకరిదీ, కత్తి మరొకరిదీ అయిన ఈ జంట దాదాపు రెండు దశాబ్దాలు కలిసి పనిచేసింది.

వైద్యం ఒక్కటే ఆయన జీవితమని అనుకుంటే పొరపాటు. 1903 నుంచి 1917 వరకు పార్లమెంటు సభ్యుడు. రాజరిక కాలంలో రాజకీయ కారణాలతో జైలు ముఖం కూడా చూశారు. 1917లో స్పెయిన్‌కు రాయబారిగా వెళ్లారు. 1918లో విదేశాంగ మంత్రి అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్ శాంతి సదస్సుకు పోర్చుగల్ ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించారు. ఒక రాజకీయ తగాదా కత్తులతో ద్వంద్వయుద్ధం దాకా పోయిన తరువాత 1919లో ఆ రంగానికి స్వస్తి పలికారు. అప్పటికి ఆయన వయసు 45కు చేరువ. పేరు తెచ్చిన పరిశోధన ఇంకా మొదలే కాలేదు.

భారతీయ పాఠకుడికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. గోవాలోని కాండోలింలో 1756లో పుట్టి, పారిస్‌లో హిప్నాటిజం ప్రదర్శనలతో సంచలనం రేపిన అబె ఫారియా అనే మతగురువును యూరప్ మరిచిపోయింది. హిప్నాటిజం అయస్కాంత శక్తి వల్ల జరుగుతుందన్న వాదాన్ని తోసిపుచ్చి, అది ఎదుటివారి మనసులో కలిగే సూచన ఫలితమని ముందుగా చెప్పినవారిలో ఫారియా ఒకరు. ఆయన జీవితంపై 1925లో ఒక గ్రంథం రాసి ఆ పేరును వైద్యచరిత్రలో మళ్లీ నిలిపినవాడు మోనిజ్. పేకముక్కల చరిత్ర మీద కూడా ఆయన ఒక పుస్తకం రాశారు.

ఎముక గోడ వెనుక దారి

1920ల నాటికి ఎక్స్‌రే వచ్చి పాతికేళ్లు దాటింది. విరిగిన ఎముక కనిపించేది. పుర్రె లోపల మాత్రం ఏమీ తెలిసేది కాదు. మెదడు మెత్తని పదార్థం కాబట్టి ఎక్స్‌రే దాని గుండా దూసుకుపోతుంది. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1918లో పుర్రెకు రంధ్రం చేసి, మెదడులోని కుహరాల్లోకి గాలి ఎక్కించి ఫోటో తీసే పద్ధతి కనిపెట్టారు. అది రోగిని విపరీతంగా బాధించేది, ప్రాణాపాయమూ ఉండేది. కుహరాల ఆకారం మారితే గడ్డ ఉందని ఊహించడమే గాని, నెత్తురు దారులు అందులో కనిపించేవి కావు.

మోనిజ్‌కు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి తేలిక. ఎక్స్‌రేను అడ్డగించే ద్రవాన్ని మెడలోని కరోటిడ్ ధమనిలోకి ఎక్కిస్తే, అది నెత్తురుతో పాటు మెదడులోకి ప్రవహిస్తుంది. ఆ క్షణంలో ఫోటో తీస్తే నాళాలు చెట్టుకొమ్మల్లా కనిపించాలి. నీడ పడేంత చిక్కగా ఉండాలి, మెదడుకు విషం కాకూడదు. ఈ రెండు షరతుల మధ్యనే నెలల తరబడి పని నడిచింది. బ్రోమైడ్, అయోడైడ్ లవణాలను కుక్కల మీద పరీక్షించారు. మృతదేహాల నాళాల్లోకి ఎక్కించి, ఏ నాళం ఏ వంకలు తిరుగుతుందో ముందుగా పటం వేసుకున్నారు. అప్పటివరకు ఆ వంకలు శరీరశాస్త్ర గ్రంథాల్లో బొమ్మలే.

ఆ తరువాత రోగుల వంతు వచ్చింది. మొదట వాడినది స్ట్రాన్షియం బ్రోమైడ్. తొలి ప్రయత్నాల్లో ఏమీ కనిపించలేదు. పార్కిన్సన్ లక్షణాలున్న ఆరో రోగిలో నాళాల నీడలు మసకగా పడ్డాయి గాని, ఆ మనిషి కొన్ని గంటల్లోనే మరణించాడు. మెదడు నాళాల్లో నెత్తురు గడ్డకట్టింది. నేటి నైతిక నియమావళి ముందు ఈ ప్రయోగాలు ఒక్క రోజు కూడా నిలవవు. ఆ మరణం తరువాత మోనిజ్ బ్రోమైడ్‌ను వదిలిపెట్టి, 25 శాతం గాఢత గల సోడియం అయోడైడ్ ద్రావణానికి మారారు. 1927 జూన్ 28న తొమ్మిదో రోగి, చూపు దెబ్బతిన్న 20 ఏళ్ల యువకుడి మెదడు ధమనులు ఫిల్ము మీద స్పష్టంగా వచ్చాయి. పీయూష గ్రంథి వద్ద పెరిగిన గడ్డ వాటిని పక్కకు నెట్టి ఉంచింది. నాళం జరిగిన తీరును బట్టి గడ్డ ఎక్కడుందో చెప్పవచ్చని ఆ ఒక్క చిత్రం రుజువు చేసింది. జూలై 7న పారిస్‌లోని నాడీవైద్య సంఘం ఎదుట మోనిజ్ దీన్ని ప్రకటించారు. సభలో ఆయన గురువు బబిన్‌స్కీ కూడా ఉన్నారు.

గడ్డల జాడ కోసం మొదలైన పద్ధతి అక్కడితో ఆగలేదు. నెత్తురు మెదడులోకి ధమనుల ద్వారా వెళ్లి, సిరల ద్వారా తిరిగి వస్తుంది. ఈ ప్రయాణమంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఒకే ఫోటో తీస్తే ధమనులు దొరుకుతాయి, సిరలు దొరకవు. సహచరుడు జోసె పెరీరా కాల్డాస్ ఫిల్ములను వెంటవెంటనే మార్చే పరికరాన్ని రూపొందించాక వరుస చిత్రాలు సాధ్యమయ్యాయి. ముందు ధమనులు, ఆ వెనుక కేశనాళికల పొగమంచు, చివరగా సిరలు, వాటి నెత్తురంతా చేరే పెద్ద కాలువలైన సిరాకుల్యలు. బతికి ఉన్న మనిషి మెదడులో సిరల పటం అలా తొలిసారి తయారైంది. మోనిజ్ తన తరువాతి గ్రంథాల్లో దీనికి ప్రత్యేక స్థానమిచ్చారు.

పక్షవాతం విషయంలో అసలైన మలుపు 1937లో వచ్చింది. కరోటిడ్ ధమని పూడుకుపోవడం వల్ల ఒక పక్క పడిపోయిన నలుగురు రోగుల చిత్రాలను మోనిజ్, లిమా, మరో సహచరుడు ప్రచురించారు. అప్పటిదాకా వైద్యులు పక్షవాతానికి కారణాన్ని పుర్రె లోపలే వెతికేవారు. దోషం చాలాసార్లు మెడలోనే, వేలితో తాకగలిగే చోటనే ఉంటుందని ఈ చిత్రాలు చూపాయి. కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ 1951లో ఈ సంబంధాన్ని వివరంగా స్థాపించారు. 1954లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు ఇరుకైన కరోటిడ్ ముక్కను తొలగించి, మిగిలిన కొసలను కలిపి కుట్టిన శస్త్రచికిత్సను ప్రకటించారు. ఇరుకైన నాళాన్ని చూడగలిగితేనే దాన్ని బాగుచేయగలమన్న క్రమం అక్కడి నుంచి స్థిరపడింది.

అన్నీ మంచిగానే సాగాయని చెప్పలేం. అయోడైడ్ కలిగించే బాధను తగ్గించాలని 1931 నుంచి మోనిజ్ బృందం థోరోట్రాస్ట్ అనే ద్రవాన్ని వాడింది. చిత్రాలు అద్భుతంగా వచ్చేవి, రోగికి నొప్పి ఉండేది కాదు. అందులోని థోరియం రేడియోధార్మిక పదార్థం. ఒకసారి ఎక్కిస్తే కాలేయంలో, ప్లీహంలో జీవితాంతం ఉండిపోతుంది. ప్రపంచమంతటా ఆ ద్రవం ఎక్కించుకున్నవారిలో ఎందరికో పదుల ఏళ్ల తరువాత కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి.

నోబెల్ దేనికి వచ్చింది

యాంజియోగ్రఫీకి గాను మోనిజ్ పేరు 1928 నుంచి పలుమార్లు నోబెల్ కమిటీ ముందుకు వెళ్లింది. ప్రతిసారీ తిరస్కృతమైంది. 1949లో బహుమతి వచ్చింది, మరో పనికి. 1935 ఆగస్టులో లండన్‌లో జరిగిన నాడీవైద్య మహాసభలో, మెదడు ముందుభాగం తొలగించిన చింపాంజీల ప్రవర్తన గురించి అమెరికా శాస్త్రజ్ఞులు నివేదించారు. ఆ ఏడాది నవంబర్‌లోనే మోనిజ్ సూచనపై లిమా ఒక మానసిక రోగి పుర్రెకు రంధ్రాలు చేసి, మెదడు ముందుభాగంలోని తెల్లని తంతువులను ఆల్కహాల్‌తో నాశనం చేశారు. తరువాత వాటిని కోయడానికి ప్రత్యేక పరికరమే తయారైంది. ఇదే ల్యూకోటమీ. 20 మందికి చేసి, ఏడుగురు కోలుకున్నారని, ఏడుగురికి మెరుగైందని, ఆరుగురిలో మార్పు లేదని 1936లో ప్రకటించారు. చికిత్స తరువాత రోగులను గమనించినది స్వల్పకాలమే. రోగులను పంపిన మానసిక వైద్యుడు సోబ్రాల్ సిద్ ఫలితాలను అంగీకరించక, ఇక పంపనన్నారు.

యాంజియోగ్రఫీలో జంతువుల నుంచి మృతదేహాలకు, అక్కడి నుంచి మనుషులకు మెట్టుమెట్టుగా వెళ్లిన పరిశోధకుడే ఇక్కడ ఆ మెట్లన్నీ దాటవేశాడు. ఆయన జీవితంలో అతిపెద్ద వైరుధ్యం ఇదే. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దాన్ని లోబోటమీగా మార్చి వేలాది మందిపై ప్రయోగించారు. ఎందరో రోగులు శాంతించారు, కొందరు మనుషులుగానే మిగల్లేదు. సోవియట్ యూనియన్ 1950లో దాన్ని నిషేధించింది. మానసిక వ్యాధులకు మందులు వచ్చాక మిగతా దేశాల్లోనూ ఆగిపోయింది. మోనిజ్‌కు ఇచ్చిన నోబెల్‌ను వెనక్కి తీసుకోవాలని బాధిత కుటుంబాలు తరువాతి కాలంలో కోరినా, ఆ బహుమతి అలాగే ఉంది. ఆయనకు రావలసిన కీర్తి తప్పు తలుపు తట్టిందనే అభిప్రాయం వైద్యచరిత్రకారుల్లో బలంగానే ఉంది.

బస్తర్‌కు ఈ కథతో ఏం పని

మన దేశంలో ఆధునిక మెదడు శస్త్రచికిత్స విభాగాలకు 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి పునాది వేశారు. ఆ తొలి దశాబ్దాల్లో స్కానింగ్ యంత్రాలు లేవు. మెదడు లోపలికి చూడాలంటే గాలి ఎక్కించాలి, లేదా మోనిజ్ చూపిన దారిలో మెడ దగ్గర సూది గుచ్చి చిత్రం తీయాలి. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ గజ్జ వద్ద సూదితో ప్రవేశించి, సన్నని కాథెటర్‌ను పైకి నడిపే మార్గం చూపడంతో మెడ దగ్గరే సూది గుచ్చవలసిన అవసరం పోయింది. నేడు సీటీ, ఎంఆర్ యంత్రాలు కాథెటర్ లేకుండానే ధమనులను, సిరలను వేర్వేరుగా చూపుతున్నాయి.

కాంకేర్ నుంచి సుక్మా వరకు ఏడు జిల్లాలుగా పరుచుకున్న బస్తర్ డివిజన్‌లో ఈ పరిజ్ఞానానికి మూడు విధాలుగా పని ఉంది. మొదటిది కాలం. ధమని పూడుకుపోయినప్పుడు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు, మధ్యలో కేశ్‌కాల్ ఘాట్. కోరాపుట్ మీదుగా విశాఖపట్నం కూడా ఇంచుమించు అంతే దూరం, అదీ ఘాట్ రోడ్డే. అడవి లోపలి ఊరి నుంచి జగదల్‌పూర్ చేరడానికి పట్టే సమయం దీనికి అదనం. మూతి వంకర, చేయి వాలడం, మాట ముద్దకావడం కనిపించిన వెంటనే బయలుదేరితే తప్ప ఈ లెక్క కుదరదు. అందుకే కొన్ని రోజులు ఆగి చూద్దామన్న మాట ఇక్కడ అన్నిటికంటే ఖరీదైనది.

రెండోది సికిల్‌సెల్ రక్తహీనత. ఛత్తీస్‌గఢ్ గిరిజన సమాజాల్లో ఇది విస్తారంగా ఉంది. కొడవలి ఆకారపు రక్తకణాలు మెదడు అడుగున ఉండే పెద్ద ధమనుల గోడలను క్రమంగా దెబ్బతీస్తాయి. అవి ఇరుకై, పిల్లలకే పక్షవాతం రావచ్చు. నాళం బాగా మూసుకుపోతే దాని చుట్టూ సన్నని నాళాలు పుట్టుకొచ్చి యాంజియోగ్రామ్‌లో పొగలా కనిపిస్తాయి. జపాన్ వైద్యులు దీనికి తమ భాషలో పొగ తెర అనే అర్థంలో మోయమోయ అని పేరుపెట్టారు. భారతీయ రోగుల నెత్తురులో పిండదశ నాటి హిమోగ్లోబిన్ కొంత ఎక్కువగా మిగిలి ఉండడం రక్షణనిస్తుంది గాని, ముప్పు పూర్తిగా తొలగిపోదు. కణత మీద ఉంచి ధ్వనితరంగాలతో నెత్తురు వేగాన్ని కొలిచే డాప్లర్ పరీక్ష ఉంది. ఇరుకైన చోట నెత్తురు వేగం పెరుగుతుంది. సెకనుకు 200 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన. అలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే తొలి పక్షవాతం ముప్పు భారీగా తగ్గుతుందని 1998లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. రక్తపరీక్షతో వ్యాధిని గుర్తించడం తొలి మెట్టు, మెదడు నాళాలను చూడడం దాని తరువాతి మెట్టు.

మూడోది సిరలు. ధమని ఇరుకైతే మెదడుకు నెత్తురు చాలదు. సిర ఇరుకైనా, అందులో నెత్తురు గడ్డకట్టినా వెళ్లిన నెత్తురు బయటికి రాలేదు. కాలువ తూము మూసుకుంటే చేను ముంపునకు గురైనట్టు పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది. రోజులతరబడి తలనొప్పి, వాంతులు, మసక చూపు, మూర్ఛలు దాని జాడలు. మన దేశంలో ఇది బాలింతల్లో ఎక్కువగా కనిపించిన వ్యాధి. ప్రసవం తరువాత నెత్తురుకు గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం దాన్ని మరింత పెంచుతాయి. బాలింతకు మంచినీళ్లు తక్కువగా ఇవ్వాలన్న పాత ఆచారం తెలుగు పల్లెల్లోనూ ఉంది, అది హాని చేసేదే. గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో ఇంట్లో ఉంచేసిన బాలింత మూర్ఛ వెనుక ఈ గడ్డ ఉండవచ్చు. సిరల స్కానింగ్‌లో అది తేలితే, హెపారిన్ వంటి మందులతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. గడ్డ లేకుండా సిరాకుల్య మాత్రమే ఇరుకై, మందులకు లొంగకుండా చూపు పోయే పరిస్థితి వచ్చినప్పుడు, కాథెటర్‌తో ఆ ఇరుకుకు ముందూ వెనుకా ఒత్తిడి కొలిచి, తేడా ఎక్కువగా ఉంటే స్టెంట్ అమరుస్తారు. ఇరుకు కనిపించినంత మాత్రాన స్టెంట్ వేయరు. ఒత్తిడి పెరగడం వల్లే సిర నొక్కుకుపోయి ఉండవచ్చు, కొందరిలో అది పుట్టుకతోనే సన్నగా ఉండవచ్చు.

ఈ చికిత్సలేవీ మోనిజ్ చూడలేదు. 1939లో ఒక మానసిక రోగి ఆయనపై తుపాకీతో కాల్పులు జరిపాడు. పలు తూటాలు తగిలినా 64 ఏళ్ల వయసులో బతికి బయటపడ్డారు, మళ్లీ రోగులను చూశారు. 70 ఏళ్లు నిండడంతో ఆచార్య పదవి నుంచి విరమించారు. నోబెల్ ప్రకటన వచ్చేనాటికి ఆయన వయసు 74. బహుమతిని స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్‌తో పంచుకున్నారు. 1955 డిసెంబర్ 13న లిస్బన్‌లో కన్నుమూశారు. ఆయనకు సంతానం లేదు. అవాంకాలోని కుటుంబ నివాసాన్ని 1968లో మ్యూజియంగా మార్చారు. యూరో రాకముందు పోర్చుగల్‌లో చెలామణి అయిన 10,000 ఎస్కుడోల నోటు మీద కొన్నేళ్లపాటు ఆయన ముఖం ఉండేది. లిస్బన్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.